మడ అడవి బురదలో ప్లాస్టిక్: అపోహలు, వాస్తవాలు

కాకినాడ పక్కన కోరంగి మడ అడవుల్లో బురద తీసుకొచ్చి, అందులో మైక్రోప్లాస్టిక్ ఎంత ఉందో లెక్కపెట్టడం నా పని. 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్ ముక్క ఏదైనా మైక్రోప్లాస్టిక్కే. మొదటి రోజు స్టీలు చెంచాతో బురద గీకి స్టీలు డబ్బాలో పెడుతుంటే పడవ నడిపే బాబాయ్ ఆశ్చర్యపోయాడు. "ఏంటండీ మేడమ్‌గారూ, బురద కూడా క్యారేజీ కట్టుకెళ్తారా అండి?" ప్లాస్టిక్ డబ్బాలో పెడితే దాన్నుంచి రాలే ముక్కలే మా లెక్కలో కలిసిపోతాయని చెప్పాను. ఆ పడవలో విన్నవీ, ఊళ్లో జనం అడిగినవీ కొన్ని ఇవి.

అపోహ: మడ అడవి జల్లెడలా ప్లాస్టిక్‌ని పట్టేసి సముద్రాన్ని శుభ్రం చేస్తుంది.

పట్టే మాట నిజం, శుభ్రం చేసే మాట అబద్ధం. తెల్ల మడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు నాటినట్టు ఊపిరి వేళ్లు పైకి లేస్తాయి. పోటుకు లోపలికొచ్చిన నీళ్లు వాటి మధ్య నెమ్మదిస్తాయి. ఒండ్రు ఎలా దిగుతుందో ప్లాస్టిక్కూ అలాగే దిగుతుంది. పైగా హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటంతో కాకినాడ అఖాతంలో అలల జోరు తక్కువ. ఒకసారి దిగిందంటే, ఎండా గాలీ తగలని ఆ బురదలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. దాని మీద ఏటా వరద గోదావరి తెచ్చే మట్టి పేరుకుంటుంది. అందుకే దీన్ని జల్లెడ అనను, గోడౌన్ అంటాను. తుఫాను వచ్చినా, చెరువు కోసం పొక్లెయిన్ దిగినా ఆ సరుకు మళ్లీ బయటపడుతుంది. ఇక పీతలు బొరియలు తవ్వుతూ పైదాన్ని కిందికీ, కిందిదాన్ని పైకీ రోజూ మారుస్తూనే ఉంటాయి. ఒంటి డెక్క పెద్దగా ఉండే ఫిడ్లర్ పీతలైతే మింగిన ముక్కల్ని ఇంకా చిన్నగా నలగ్గొడతాయని ప్రయోగాల్లో తేలింది.

అపోహ: ప్లాస్టిక్ తేలుతుంది కదా, బురదలోకి ఎలా వెళ్తుంది?

నైలాన్, నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్, పీవీసీ ఉప్పునీటి కంటే బరువు. అవి మునుగుతాయి. క్యారీ బ్యాగు పాలిథీన్ తేలికే గానీ, నీళ్లలో నానేకొద్దీ దానికి పాచి పడుతుంది, మట్టి అంటుకుంటుంది. ఆ బరువుకి అదీ దిగిపోతుంది.

అపోహ: ఇదంతా టూరిస్టులు పారేసిన సీసాల వల్లే.

చెక్క వంతెన మీద నడిచేవాళ్లకు సీసాలే కనిపిస్తాయి కాబట్టి అలా అనిపిస్తుంది. చిరిగిన నైలాన్ వలలు, మోకులు, థర్మాకోల్ పెట్టెల ముక్కలు, టైర్ల అరుగుడు, మన ఇళ్లల్లో బట్టలు ఉతికిన నీళ్లు... వీటి వాటా ఎవరికీ కనపడదు. ఒక్క పాలిస్టర్ చీర ఉతికినా సన్నటి పోగులు రాలతాయి. అవి డ్రైనేజీలోంచి ఉప్పుటేరుకు, అక్కడి నుంచి అఖాతానికి చేరతాయి.

అపోహ: మైక్రోస్కోప్‌లో రంగు పోగు కనిపిస్తే అది ప్లాస్టిక్కే.

ఈ తప్పు నేనే చేశాను. మొదట్లో ప్రతి శాంపిల్‌లోనూ నీలం పోగులు వస్తుంటే పెద్ద విషయమే కనిపెట్టానని సంబరపడ్డాను. తర్వాత బురద వేయకుండా ఉత్త నీళ్లు వడపోసి చూస్తే అందులోనూ అవే పోగులు! తల దించి చూసుకుంటే నా చున్నీ నీలం రంగుది. మూడు వారాల పని బుట్టదాఖలైంది. అప్పటి నుంచి ల్యాబ్‌లో నూలు కోటే, ప్రతి విడతకూ ఆ ఉత్త నీళ్ల పరీక్ష తప్పనిసరి. రంగు వేసిన నూలు, రేయాన్ పోగులు కూడా కంటికి అచ్చం ప్లాస్టిక్‌లాగే ఉంటాయి. ఇన్‌ఫ్రారెడ్ పరీక్ష, అంటే కంటికి కనపడని కాంతి వేసి అది ఏ పదార్థమో గుర్తుపట్టే పరీక్ష, చేయకుండా ఫలానా ప్లాస్టిక్ అని తేల్చి చెప్పేవాళ్లను నేను నమ్మను.

అపోహ: అక్కడ కేజీ బురదలో ఇన్ని ముక్కలు, ఇక్కడ అంతకంటే తక్కువ. కాబట్టి ఇక్కడ బాగుంది.

బురదను చిక్కటి ఉప్పునీళ్లలో కలిపితే తేలికైన ప్లాస్టిక్ పైకి తేలుతుంది, దాన్ని ఏరతాం. మామూలు ఉప్పు ద్రావణం సాంద్రత సుమారు 1.2, పెట్ సాంద్రత 1.38. అంటే సీసా ముక్కలు అడుగునే ఉండిపోతాయి, లెక్కలోకి రావు. జింక్ క్లోరైడ్ వాడితే అవీ తేలతాయి గానీ ఖర్చెక్కువ. కాబట్టి ఏ ద్రావణం, ఎంత సన్నటి జల్లెడ అని అడగకుండా రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టొద్దు.

అపోహ: 'బయో' అని రాసున్న బ్యాగు బురదలో కరిగిపోతుంది.

అలాంటి చాలా బ్యాగులు కరగాలంటే కంపోస్టు ప్లాంటులో ఉండే సుమారు 58 డిగ్రీల వేడి కావాలి. మడ బురదలో ఆ వేడి ఎక్కడిది?

అపోహ: ఇక చేపలు, పీతలు మానేయాలి.

చేపలో ముక్కలు ఎక్కువగా దొరికేది పొట్టలో, పేగుల్లో. మనం వాటిని తీసి పారేస్తాం. రొయ్య వీపు మీది నల్ల దారం కూడా పేగే, దాన్ని తీసేయండి. నెత్తళ్లలాంటి చిన్న చేపల్ని, గుల్లల్ని పొట్టతో సహా తింటాం కాబట్టి వాటితో కొంచెం ఎక్కువే లోపలికి వెళ్తుంది. ఇంత తింటే ప్రమాదం అనే హద్దు మాత్రం ఇంతవరకూ ఎవరూ నిర్ణయించలేదు. మా ఇంట్లో నెత్తళ్ల వేపుడు ఆగలేదు.

అపోహ: నలుగురం దిగి ఏరేస్తే సరి.

చిన్న ముక్కల్ని ఏరాలంటే బురదంతా ఎత్తాలి, అంటే అడవే పోతుంది. ఏరగలిగింది పెద్దవాటినే, అదీ అవి ముక్కలు కాకముందే. గుంపుగా దిగితే ఊపిరి వేళ్లు కాళ్ల కింద విరుగుతాయి. పాటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, ఇద్దరు ముగ్గురే, కాలువ గట్టు వెంట వెళ్తే చాలు. వేళ్లకు చుట్టుకున్న వలను మాత్రం పీకొద్దు. బాబాయ్ దగ్గర దానికో చిన్న కత్తి ఉంది. వలను ఒక్కో కన్ను కోసి వదులు చేస్తాడు, వేరు మీద గీత కూడా పడదు.