లక్సర్‌లో ఒక రోజు: ఈజిప్టు ఆలయాలు, సమాధుల గురించి అపోహలు - వాస్తవాలు

తెలుగు యాత్రికుల బృందాలను ఈజిప్టుకు తీసుకువెళ్లడం నా వృత్తి. పురావస్తు స్థలాల్లో వివరణ ఇవ్వడానికి అక్కడి ప్రభుత్వ లైసెన్సు ఉన్న గైడ్‌లకే అనుమతి ఉంటుంది కనుక, వారు ఇంగ్లీషులో చెప్పినదాన్ని మనవాళ్లకు తెలుగులో విడమరచి చెప్పడం, బస్సులోనూ పడవలోనూ వచ్చే ప్రశ్నలకు సమాధానమివ్వడం నా పని. ఆ ప్రశ్నల్లో చాలావరకు విమానం ఎక్కకముందే మనసులో స్థిరపడిపోయిన నమ్మకాల నుంచి పుట్టినవే. నేను తరచుగా వినే వాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఫరోల సమాధులంటే పిరమిడ్లే.

లక్సర్‌లో దిగగానే పిరమిడ్లు ఎటువైపు అని అడిగేవారు ప్రతి బృందంలోనూ ఉంటారు. గీజా పిరమిడ్లు అక్కడికి ఉత్తరాన, రోడ్డు దారిలో ఆరువందల కిలోమీటర్లకు పైగా దూరంలో, కైరో పక్కన ఉన్నాయి. దూరం కంటే కాలంలో ఉన్న అంతరం ఇంకా పెద్దది. ఆ పిరమిడ్లు కట్టి సుమారు వెయ్యేళ్లు గడిచాక, అంటే క్రీ.పూ. 16వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం దాకా పాలించిన రాజులు, నైలు పడమటి ఒడ్డున సున్నపురాతి కొండల్లోకి సొరంగాలు తొలిపించుకుని వాటిలో సమాధి అయ్యారు. రాజుల లోయ అంటే అదే. అక్కడ 60కి పైగా సమాధులు, గదులు బయటపడ్డాయి. మామూలు టికెట్‌తో మూడింటిని మాత్రమే చూడవచ్చు. టూటన్‌ఖామున్, మొదటి సేతి, ఆరవ రామ్‌సెస్ సమాధులకు విడిగా టికెట్ తీసుకోవాలి.

అందరూ మొదట టూటన్‌ఖామున్ పేరే చెబుతారు. అది లోయలోని చాలా చిన్న రాజ సమాధుల్లో ఒకటి. నాలుగు గదుల్లో ఒక్క దాని గోడలకే బొమ్మలున్నాయి, అందులో దొరికిన 5,000కు పైగా వస్తువులు కైరోకు తరలిపోయాయి. ఆ చిన్నవయసు రాజు దేహం మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది. ఒక్క అదనపు టికెట్‌కే డబ్బు పెట్టగలిగితే ఆరవ రామ్‌సెస్ సమాధికి గానీ, 130 మీటర్లకు పైగా కొండ లోపలికి దిగే సేతి సమాధికి గానీ వెళ్లమని నేను సలహా ఇస్తాను.

అపోహ: సమాధి తెరిచినవారిని శాపం బలిగొంది.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని మమ్మీని చిన్నప్పుడు భయంభయంగా చూసిన జ్ఞాపకం మా బృందాల్లో చాలామందికి ఉంటుంది, ఆ భయం లక్సర్ దాకా వెంట వస్తుంది. టూటన్‌ఖామున్ సమాధి 1922 నవంబరులో దొరికింది. తవ్వకాలకు డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ 1923 ఏప్రిల్‌లో చనిపోయిన మాట నిజమే, కానీ దోమకాటు పుండై రక్తం విషపూరితం కావడం అందుకు దారితీసింది. సమాధిని కనుగొన్న హోవర్డ్ కార్టర్ మరో పదేళ్లు అందులోని వస్తువుల మధ్యే పనిచేసి 1939లో మరణించారు. మొదట లోపల అడుగుపెట్టిన వారిలో ఒకరైన కార్నార్వన్ కుమార్తె 1980 వరకు జీవించారు.

అపోహ: ఇవన్నీ కొరడా దెబ్బల కింద బానిసలు కట్టినవి.

ఈ మాట వినగానే నేను బృందాన్ని దెయిర్ అల్ మదీనాకు తీసుకువెళ్తాను. చాలా యాత్రా కార్యక్రమాల్లో ఈ చోటును వదిలేస్తారు, నా దృష్టిలో అది పెద్ద లోపం. రాజుల సమాధులను తొలిచి, చెక్కి, రంగులద్దిన కుటుంబాలు నివసించిన ఊరు అది. సన్నటి వీధికి రెండు వైపులా వరుసగా ఆనుకుని ఉన్న ఇళ్ల పునాదులు, వంటచోటు, నేలమాళిగ ఈ రోజుకూ గుర్తుపట్టేలా ఉన్నాయి. వారు కాగితానికి బదులు వాడుకున్న సున్నపురాతి పలకలు, కుండ పెంకులు వేలల్లో దొరికాయి కాబట్టి ఆ ఊరివాళ్ల జీవితం మనకు చాలా వివరంగా తెలుసు. పనికి కూలిగా గోధుమ జాతి ధాన్యం, బార్లీ కొలిచి ఇచ్చేవారు. మొదటిది రొట్టెకు, రెండోది బీరుకు. పది రోజులు ఒక వారం, దాని చివర సెలవు.

బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక రాతి పలక మీద రెండవ రామ్‌సెస్ 40వ పాలనా సంవత్సరంలో ఎవరెవరు ఏయే రోజుల్లో పనికి రాలేదో, ఎందుకు రాలేదో రాసి ఉంది. ఒకరికి జ్వరమో మరొకటో, ఒకరిని తేలు కుట్టింది, ఒకరు తల్లి అంత్యక్రియల్లో ఉన్నారు, మరొకరు బీరు కాస్తున్నారు. అది అచ్చంగా మన హాజరు పట్టీ. మూడవ రామ్‌సెస్ 29వ పాలనా సంవత్సరంలో ధాన్యం రాక ఆలస్యమైతే ఈ పనివాళ్లే పనిముట్లు పక్కన పెట్టి ఆలయాల దగ్గరికి వెళ్లి బైఠాయించారు. ఆకలిగా ఉందని, బట్ట లేదని, నూనె లేదని, చేప లేదని వారు చెప్పుకున్న మాటలు రాసిన పపైరస్ (రెల్లుతో చేసిన కాగితం) ఇటలీలోని ట్యూరిన్‌లో ఉంది. చరిత్రలో లిఖిత ఆధారం దొరికిన మొదటి సమ్మెగా దాన్ని పరిగణిస్తారు. ఈజిప్టులో బానిసలే లేరని దీని అర్థం కాదు. యుద్ధ ఖైదీలను ఆలయాల భూముల్లో పనికి పెట్టిన దాఖలాలు ఉన్నాయి, రాళ్ల క్వారీలకు మనుషులను నిర్బంధంగా తరలించడమూ ఉంది. కానీ సమాధి గోడ మీద మీరు చూసే ఆ గీత గీసినవాడు పేరు, ఇల్లు, జీతం ఉన్న నిపుణుడు.

అపోహ: సమాధుల్లో పొగ మసి లేదు, అంటే వారికి విద్యుత్తు తెలుసు.

లక్సర్‌కు ఉత్తరాన ఉన్న దెందెరా ఆలయపు నేలమాళిగలో బల్బును పోలిన శిల్పం ఉందని వీడియోల్లో చూసి వచ్చేవారు ఈమధ్య పెరిగారు. ఆ శిల్పంలో ఉన్నది తామర పువ్వు నుంచి వెలువడే సర్పం, సృష్టి గాథకు సంబంధించిన దృశ్యం. దాని పక్కనే చెక్కిన లిపి కూడా ఆ సర్పంగా చూపిన దేవుడి గురించే చెబుతుంది. ఇక పని జరిగేటప్పుడు వెలుగు కోసం గుడ్డ పేలికలను పేని, నూనెలోనో కొవ్వులోనో తడిపి వత్తులుగా వెలిగించేవారు. ఏ పూటకు ఎన్ని వత్తులు ఇచ్చారో లెక్క రాసిన పలకలు దెయిర్ అల్ మదీనాలోనే దొరికాయి. మన దీపపు వత్తి తెలిసిన ఎవరికైనా ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు.

రంగులు ఇంత తాజాగా ఉన్నాయంటే ఈమధ్య వేసి ఉంటారన్న అనుమానం కూడా ఇలాంటిదే. అవి ఖనిజాల రంగులు, ఎండా వానా తగలని గదుల్లో నిలిచాయి. సేతి సమాధిలో చెక్కడం మొదలుకాక ముందే ఆగిపోయిన ఒక గది ఉంది. అక్కడ ఎరుపు రంగుతో వేసిన తొలి గీత, దాని మీద పెద్ద చిత్రకారుడు నలుపుతో చేసిన సవరణ, రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక బొమ్మ భుజాన్ని కొంచెం దించి మళ్లీ గీసిన చోట నేను చాలాసేపు నిలబడిపోతాను.

అపోహ: ఈజిప్టు ఆలయం మన గుడి లాంటిదే.

పోలిక లేకపోలేదు. తెల్లవారుజామున గర్భాలయం తలుపు తెరిచి, దేవతా విగ్రహానికి సుగంధ ద్రవ్యాలు పూసి, వస్త్రం మార్చి, నైవేద్యం పెట్టి, ఆ నైవేద్యాన్ని తర్వాత పూజారులు పంచుకునేవారు. ఓపెట్ ఉత్సవంలో అమున్ దేవుడి విగ్రహాన్ని పడవ ఆకారంలో ఉన్న వాహనంపై ఉంచి, పూజారులు భుజాన మోస్తూ కర్నాక్ ఆలయం నుంచి లక్సర్ ఆలయానికి తీసుకువెళ్లేవారు. ఇది చెప్పగానే మా బృందంలోని పెద్దవారి ముఖాల్లో ఒక పరిచయభావం కనిపిస్తుంది. కానీ సామాన్యులకు దర్శనం లేదు. వారు ముందు ప్రాంగణాల దాకానే రాగలిగేవారు, విగ్రహం ఊరేగింపుకు వచ్చినప్పుడు కూడా తెర చాటునే ఉండేది. కర్నాక్‌లో లోపలికి నడిచేకొద్దీ నేల కొద్దికొద్దిగా ఎత్తవుతూ, కప్పు కిందికి దిగుతూ, వెలుతురు తగ్గిపోతూ ఉండడానికి కారణం ఈ గోప్యతే.

కర్నాక్‌లోని 134 స్తంభాల మండపాన్ని చూడడానికి తొందరపడి, మొదటి గోపురం వెనుక వైపును అందరూ దాటిపోతారు. ప్రవేశించగానే కుడివైపు తిరిగితే, పచ్చి ఇటుకల దిబ్బ ఒకటి గోడకు ఆనుకుని ఉంటుంది. గోపురం పూర్తి కాకుండానే పని ఆగిపోవడం వల్ల, రాళ్లను పైకి చేర్చడానికి పోసిన ఆ వాలు కట్టను తొలగించకుండానే వదిలేశారు. ఇంత పెద్ద రాళ్లను ఎలా ఎత్తారని అడిగేవారిని నేను మాటలతో ఒప్పించే ప్రయత్నం చేయను, ఆ దిబ్బ ముందు నిలబెడతాను.

అపోహ: ఒక్కసారి ముట్టుకుంటే ఏమవుతుంది?

చేతి చెమటలోని ఉప్పు, జిడ్డు రంగును తింటాయి, గదిలోని మనుషుల ఊపిరి తేమ గోడలోని ఉప్పును కరిగించి పైకి లాగుతుంది. నెఫర్తారి రాణి సమాధిలో ఉప్పు పొరల వల్ల పూత ఊడిపోతుంటే 1986లో మొదలుపెట్టి ఆరేళ్లు మరమ్మతు చేయవలసి వచ్చింది. కాపలాదారు బక్షీసు ఆశించి తాడు దాటి రమ్మని సైగ చేసినా వెళ్లకండి. బక్షీసు మాట అక్కడా ఇక్కడా ఒకటే కాబట్టి, మర్యాదగా కాదనడానికి భాష అడ్డు రాదు.

అపోహ: ఈ ఆలయాలు వేల ఏళ్లుగా పాడుపడి ఉన్నాయి.

రోజు చివర, దీపాలు వెలిగే వేళకు మేము లక్సర్ ఆలయం చేరుకుంటాము. మూడవ అమెన్‌హోటెప్, రెండవ రామ్‌సెస్ కట్టించిన ఈ ఆలయంలో ఒక గదిని రోమన్లు తమ చక్రవర్తుల ఆరాధనకు మార్చుకుని గోడలకు సున్నం పూసి బొమ్మలు వేశారు, తర్వాత ఆవరణలో చర్చిలు వెలిశాయి. మొదటి ప్రాంగణంలో, స్తంభాల మీదుగా కట్టిన అబూ హగ్గాగ్ మసీదు నేటికీ వాడుకలో ఉంది. దాని పాత తలుపు మన తలలకు ఎంతో ఎత్తున, మెట్లు లేకుండా గాలిలో ఉన్నట్టు కనిపిస్తుంది. మసీదు కట్టిన రోజుల్లో నేల మట్టం అక్కడ ఉండేది. 19వ శతాబ్దం చివర తవ్వకాలు మొదలుపెట్టి కింది మట్టిని తొలగించాక తలుపు అలా పైన మిగిలిపోయింది.