ప్రతిపక్షానికి పట్టపగలు రాసిన చెక్కు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఎన్నికల్లో ఎవరు గెలిచారో పాఠాల్లో చదువుకుంటారు. ఓడిన పార్టీ జీపుల్లో పెట్రోలు ఎవరు పోయించారన్నది ఏ పాఠంలోనూ ఉండదు. అది తెలియకపోతే మన దేశంలో ప్రతిపక్షం అన్నేళ్లు ఎందుకు బక్కచిక్కి ఉందో సగమే అర్థమవుతుంది. అందుకే ఈ ఉత్తరంలో ఆ ఒక్క విషయమే రాస్తున్నాను. ఒక పారిశ్రామికవేత్త అధికార పార్టీతోపాటు దాని ప్రత్యర్థికి కూడా బాహాటంగా చెక్కు రాస్తానన్నాడు. ఆయన జె.ఆర్.డి. టాటా, ఆ సంవత్సరం 1961, ఆ పార్టీ పేరు స్వతంత్ర పార్టీ.

ముందు అప్పటి పరిస్థితి చెబుతాను. 1957 ఎన్నికల్లో లోక్‌సభలో 494 స్థానాలుంటే కాంగ్రెస్‌కు 371 వచ్చాయి. రెండో స్థానంలో ఉన్న కమ్యూనిస్టులకు 27. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయం, అంటే రైతుల భూములన్నీ కలిపి సాగు చేయడం గురించి తీర్మానం చేసింది. రైతు చేతిలోని భూమికి ఇక భద్రత ఉండదని గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా గట్టిగా ఎదురుతిరిగి, కాంగ్రెస్ నుంచి బయటికొచ్చారు. 1959 జూన్ 4న మద్రాసులో రాజాజీ కొత్త పార్టీని ప్రకటించారు. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్లు. అధ్యక్షుడు రంగా, ప్రధాన కార్యదర్శి మినూ మసానీ. మసానీ అంతకుముందు టాటా సంస్థల్లో పనిచేసినవారు. టాటా డైరెక్టరుగా, ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన హోమీ మోదీ కూడా ఈ పార్టీలో చేరారు. ప్రతి పనికీ ప్రభుత్వ అనుమతి కావాలనే పాలనను ఎత్తిపొడుస్తూ ‘పర్మిట్ లైసెన్స్ రాజ్’ అన్న మాటను జనం నోళ్లలో నానేలా చేసింది రాజాజీయే.

పార్టీ పెట్టడం తేలిక, నడపడమే కష్టం. కాగితం తీసుకుని లెక్క వేసి చూడండి. అప్పట్లో లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయలు. చాలా రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకున్న ఖర్చు ఒక్కో స్థానానికి 25,000. 1962లో స్వతంత్ర పార్టీ సుమారు 170 స్థానాల్లో పోటీ చేసింది. పరిమితి మేరకే ఖర్చు పెట్టినా 42 లక్షలు దాటుతుంది. అసెంబ్లీ స్థానాలు దీనికి అదనం. ఆ డబ్బు ఎక్కడికి పోతుందంటే, అద్దె జీపులు, పెట్రోలు, మైకులు, గోడపత్రికలు, ఓటరు స్లిప్పులు, ప్రతి బూత్‌లో కూర్చునే ఏజెంటుకు భోజనం. పాత పార్టీకి ఊరూరా కార్యకర్తలు ఉంటారు కనుక వీటిలో సగం ఊరికే జరిగిపోతాయి. కొత్త పార్టీ ప్రతిదీ కొనుక్కోవాలి.

మరి డబ్బున్నవాళ్లు ఎందుకు ముందుకు రాలేదు? అప్పట్లో ఒక బట్టల మిల్లు యజమాని కొత్త యంత్రం తెచ్చుకోవాలనుకున్నాడనుకోండి. 1951 నాటి పరిశ్రమల చట్టం కింద సామర్థ్యం పెంచుకోవడానికి ఢిల్లీ లైసెన్సు కావాలి. యంత్రం విదేశాలది అయితే దిగుమతి లైసెన్సు వేరు, విదేశీ మారకద్రవ్యం కేటాయింపు వేరు. పెట్టుబడికి కొత్త షేర్లు అమ్మాలంటే మూలధన జారీ కంట్రోలరు అనుమతి కావాలి. ఇన్ని బల్లల్లో ఏ ఒక్క బల్ల మీద ఫైలు ఆగినా ఏళ్లు గడిచిపోతాయి. ఎవరూ ‘మీరు ప్రతిపక్షానికి డబ్బిచ్చారు కదా’ అని నోరు తెరిచి అనరు, ఫైలు మాత్రం కదలదు. ఈ భయం ఊహించుకున్నది కాదు. టాటాల విమాన సంస్థను 1953లో ప్రభుత్వం తీసేసుకుంది, 1956లో జీవిత బీమా కంపెనీలు జాతీయమయ్యాయి. ఉక్కు ధర ప్రభుత్వమే నిర్ణయించేది. జంషెడ్‌పూర్ కర్మాగారం విస్తరణకు ప్రపంచ బ్యాంకు ఇచ్చిన అప్పుకు హామీ ఉన్నది కూడా భారత ప్రభుత్వమే.

ఇలాంటి రోజుల్లో జె.ఆర్.డి. టాటా ప్రధాని నెహ్రూకు ఉత్తరం రాశారు. అప్పటికి ఆయన ప్రభుత్వ సంస్థ ఎయిర్ ఇండియాకు ఛైర్మన్ కూడా. ఒకే పార్టీ పాలన స్థిరత్వం ఇచ్చింది నిజమేగాని, బాధ్యత గల ప్రతిపక్షం లేకపోతే ముందుముందు ప్రమాదమని, రేపు జనం కాంగ్రెస్‌తో విసిగితే కమ్యూనిస్టులు తప్ప వేరే దారి ఉండదని ఆయన వాదన. అందువల్ల కాంగ్రెస్‌కు ఇస్తూనే స్వతంత్ర పార్టీకి కూడా ఇస్తామని ముందే తెలియజేశారు. నెహ్రూ జవాబులో కోపం లేదు. ఎవరికి సాయం చేయాలన్నది మీ ఇష్టమని, అయితే ఆ పార్టీ బలమైన ప్రతిపక్షంగా ఎదుగుతుందన్న మీ ఆశ నెరవేరదని రాశారు. ఆ ఇద్దరి తీరూ నాకు ఎంతో నచ్చుతుంది. డబ్బిచ్చేవాడు దాచలేదు, అధికారంలో ఉన్నవాడు బెదిరించలేదు.

ఇక ఆ చెక్కు ఎలా రాస్తారో చూడండి, అసలు కీలకం అక్కడే ఉంది. కంపెనీ డబ్బు ఛైర్మన్ సొంత డబ్బు కాదు, వేలమంది వాటాదారులది. కంపెనీ ఏయే పనులకు ఖర్చు పెట్టవచ్చో మెమొరాండంలో రాసి ఉంటుంది. అందులో లేనిదానికి పైసా ఇచ్చినా ఎవరో ఒక వాటాదారు కోర్టుకెక్కవచ్చు. టాటా ఉక్కు కంపెనీ పార్టీలకు విరాళాలిచ్చేందుకు వీలుగా తన మెమొరాండాన్ని మార్చుకోబోతే ఆ తగాదా 1957లో బొంబాయి హైకోర్టుకు చేరింది. ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. ఛాగ్లా, చట్టం అడ్డు రాదు కనుక అనుమతిస్తూనే, ఇలాంటి డబ్బు పసి ప్రజాస్వామ్యం గొంతు నులిమేయగలదని, పార్లమెంటు ఆలోచించుకోవాలని హెచ్చరించారు.

పార్లమెంటు 1960లో కంపెనీల చట్టంలో 293ఎ సెక్షన్ చేర్చింది. గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 5 శాతం, లేదా 25,000 రూపాయలు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది ఏటా పరిమితి. సగటు లాభం 4 లక్షలున్న కంపెనీకి 5 శాతమంటే 20,000 కాబట్టి 25,000 దాకా ఇవ్వవచ్చు. సగటు లాభం 2 కోట్లున్న కంపెనీ 10 లక్షల దాకా ఇవ్వవచ్చు. ఇచ్చిన మొత్తాన్ని, పార్టీ పేరును ఆ ఏడాది లాభనష్టాల ఖాతాలో చూపాలి. ఆ ఒక్క నిబంధనతో వాటాదారుకూ పత్రికకూ ప్రత్యర్థికీ అన్నీ తెలిసిపోతాయి. మంచిదే. కాని అదే నిబంధన ప్రతిపక్షానికి ఇచ్చేవాడి పేరును మంత్రి బల్ల మీద కూడా పెట్టింది. పెద్ద పేరున్న టాటాలు తట్టుకోగలరు, లైసెన్సు కోసం ఢిల్లీలో పడిగాపులు కాసే చిన్న మిల్లు యజమాని తట్టుకోలేడు. అందుకే ప్రకటించిన విరాళాల్లో సింహభాగం కాంగ్రెస్‌కే వెళ్లింది, స్వతంత్ర పార్టీది చాలా దూరంలో రెండో స్థానం. ఘనశ్యామ్ దాస్ బిర్లా అయితే వ్యాపారులకు కాంగ్రెస్‌తో ఉండడమే మేలని బాహాటంగానే నమ్మారు.

ఎన్నికల్లో ఏమైందంటే, 1962లో స్వతంత్ర పార్టీకి 18 స్థానాలు వచ్చాయి. తెనాలిలో రంగా కమ్యూనిస్టుల చేతిలో ఓడిపోయి, అదే ఏడాది చిత్తూరు ఉపఎన్నికలో గెలిచారు. 1967లో పార్టీ 44 స్థానాలతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. రంగా ఈసారి శ్రీకాకుళం నుంచి గెలిచారు. మన అసెంబ్లీలో పార్టీ బలం 19 నుంచి 29కి పెరిగింది. ఒరిస్సాలో ఆ పార్టీకి చెందిన ఆర్.ఎన్. సింగ్ దేవ్ ముఖ్యమంత్రి అయ్యారు. అయితే ఈ ఓట్లు ఎక్కడివో గమనించండి. గుజరాత్‌లో రైతులవి, రాజస్థాన్ ఒరిస్సాల్లో పాత సంస్థానాల ప్రభావం, ఆంధ్రలో రంగా, గౌతు లచ్చన్న దశాబ్దాలుగా కట్టుకున్న రైతు ఉద్యమం. బొంబాయి డబ్బు ఒక్క ఊళ్లో కూడా కార్యకర్తను పుట్టించలేదు. పైగా లోపల పొత్తు కుదరని సంగతులున్నాయి. రంగాకు పంటకు గిట్టుబాటు ధర ముఖ్యం. మిల్లు యజమానికి పత్తి చవగ్గా దొరకడం ముఖ్యం. ఇద్దరూ నియంత్రణలు వద్దన్నారే గాని, ఏ నియంత్రణ వద్దో అడిగితే జవాబులు వేరు. ‘రాజుల పార్టీ, ధనవంతుల పార్టీ’ అని ప్రత్యర్థులు ముద్ర వేస్తే చెరిపేసుకోలేకపోయింది.

1967 ఫలితాలు కాంగ్రెస్‌ను కలవరపెట్టాయి. 1969లో కంపెనీ విరాళాలను పూర్తిగా నిషేధించారు. అవినీతి మీద వేసిన సంతానం కమిటీ అంతకుముందే ఈ నిషేధం కోరిన మాట నిజమే, పెట్టుబడిదారుల పట్టు తగ్గాలని మనస్ఫూర్తిగా కోరుకున్నవాళ్లూ ఉన్నారు. కాని ఖర్చులకు ప్రభుత్వ నిధి లాంటి ప్రత్యామ్నాయం ఏదీ పెట్టకుండా తలుపు మూశారు. ఎన్నికల ఖర్చు తగ్గలేదు, చెక్కు మాత్రం పోయింది. దాని స్థానంలో నోట్ల సంచి వచ్చింది. పార్టీలు సావనీర్లు (ప్రత్యేక సంచికలు) అచ్చువేసి, ఒక పేజీ ప్రకటనకు అసలు విలువకు ఎన్నో రెట్లు వసూలు చేసి, దాన్ని ప్రకటన ఖర్చుగా రాయించడం మరో పద్ధతి. లైసెన్సు ఇచ్చే చెయ్యి ఎవరిదో నోట్లు వాళ్లకే ముడతాయి. నా ఉద్దేశంలో ఆ నిషేధం వల్ల ఎక్కువ దెబ్బ తిన్నది ప్రతిపక్షమే.

1971లో కొందరు పారిశ్రామికవేత్తలు స్వయంగా బరిలోకి దిగారు. దక్షిణ బొంబాయిలో ఏ పార్టీకీ చెందని అభ్యర్థిగా నావల్ టాటా ఓడిపోయారు. స్వతంత్ర పార్టీ తరఫున ఝున్‌ఝునూలో కె.కె. బిర్లా ఓడిపోయారు. పత్రికాధిపతి రామ్‌నాథ్ గోయెంకా జనసంఘ్ టికెట్ మీద విదిశలో గెలిచారు. స్వతంత్ర పార్టీ 44 నుంచి 8కి పడిపోయింది. 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

ఎమర్జెన్సీలో మాత్రం ఒక పారిశ్రామికవేత్త చెక్కు దాటి చాలా దూరం వెళ్లారు. ముకుంద్ ఉక్కు కంపెనీ అధిపతి వీరేన్ షా 1967లో స్వతంత్ర పార్టీ తరఫున జునాగఢ్ నుంచి లోక్‌సభకు వచ్చినవారు. 1976లో సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌తోపాటు, ప్రభుత్వానికి వ్యతిరేకంగా పేలుళ్లకు డైనమైట్ సేకరించారన్న బరోడా డైనమైట్ కేసులో నిందితుడయ్యారు. మొత్తం 25 మంది నిందితుల్లో సీజీకే రెడ్డి, పత్రికా రచయిత కె. విక్రమ్ రావు ఉన్నారు. విక్రమ్ రావు చీరాలకు చెందిన ప్రఖ్యాత సంపాదకుడు కె. రామారావు కుమారుడు. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక కేసు ఉపసంహరించుకున్నారు. వీరేన్ షా తర్వాత 1999లో పశ్చిమ బెంగాల్ గవర్నరయ్యారు. పేలుడు పదార్థాల దారిని నేను సమర్థించను. కాని లైసెన్సుల కాలంలో ఫ్యాక్టరీ యజమాని జైలుకు సిద్ధపడడం ఎంత అరుదో మీకు తెలియాలి.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1985లో నిషేధం ఎత్తేసి, బోర్డు తీర్మానంతో సగటు లాభంలో 5 శాతం దాకా ఇవ్వనిచ్చారు. 1996లో టాటాలు ఒక ఎలక్టోరల్ ట్రస్టు పెట్టి, చట్టసభల్లో బలాన్ని బట్టి పార్టీలకు పంచే పద్ధతి తెచ్చారు. ఛైర్మన్ ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు గనుక ఇది మెరుగే, కాని కొత్త పార్టీకి ఇందులో దక్కేది తక్కువ. విరాళం ఇచ్చిన కంపెనీకి 2003లో ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చింది, 20,000 దాటిన ప్రతి విరాళం వివరాలను పార్టీ ఎన్నికల సంఘానికి ఇవ్వాలన్నారు. 2013 చట్టం పరిమితిని 7.5 శాతం చేసింది. 2017లో ఆ పరిమితినీ పార్టీ పేరు చెప్పాలన్న నిబంధననూ తీసేసి, దాత పేరు బయటపడకుండా బ్యాంకులో కొని పార్టీకి ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లు తెచ్చారు. 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకగ్రీవంగా వాటిని కొట్టేసింది.

మీరే స్వయంగా పరిశీలించాలనుకుంటే ఇలా చేయండి. షేర్ మార్కెట్‌లో ఉన్న ఏదైనా కంపెనీ వార్షిక నివేదిక తెరిచి, లాభనష్టాల ఖాతా వెనుక ఉండే వివరణల్లో ‘ఇతర ఖర్చులు’ దగ్గర రాజకీయ విరాళాల పద్దు వెతకండి. అక్కడ మొత్తం కనిపిస్తే, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అదే ఏడాదికి పార్టీలు ఇచ్చిన విరాళాల నివేదికలు తీయండి. వాటిలో దాత పేరు, చిరునామా, మొత్తం ఉంటాయి. కంపెనీ ఇచ్చానన్నదీ పార్టీ పుచ్చుకున్నానన్నదీ పక్కపక్కన రాసుకోండి. కంపెనీ డబ్బు ట్రస్టు ద్వారా వెళ్లి ఉంటే పార్టీ నివేదికలో ట్రస్టు పేరే కనిపిస్తుంది, అప్పుడు ట్రస్టు సమర్పించిన నివేదిక కూడా చూడాలి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి ఏప్రిల్‌లో ఇచ్చిన చెక్కు మరుసటి ఏడాది నివేదికలో ఉంటుంది. మొత్తాలు కలవకపోతే ముందు అది సరిచూసుకోండి.

మీ తాతయ్య