మెచ్చుకున్న సంగతి

అమ్మలూ, చిన్నోడా,

మీ ఉత్తరం మొన్న అందింది. కాలేజీ పత్రికకి జాజ్ ఆల్బంల మీద సమీక్షలు రాయమన్నారని అమ్మలు రాసింది. "నువ్వే కీబోర్డు వాయించేదానివి, ఇంకొకళ్ల వాయింపు మీద నువ్వెలా తీర్పు చెప్తావు?" అని తోటిపిల్లలు అడిగారట. దాని కిందే చిన్నోడు, "తాతయ్యా, ఒకప్పుడు నువ్వు కూడా కచేరీల మీద రాసేవాడివిటగా, ఎందుకు మానేశావు?" అని ఒక వాక్యం తగిలించాడు. ఈ రెండు ప్రశ్నలూ నాకు ఒక్కటే. జవాబు చెప్పాలంటే మాత్రం కాస్త దూరం వెళ్లి రావాలి.

ముందు నీ తోటిపిల్లల మాట చూద్దాం. జాజ్‌లో వాయించేవాళ్లు రాయడం కొత్తేమీ కాదు. కిందటి సెలవుల్లో మేడమీద కూచుని నువ్వు గంటలకొద్దీ సాధన చేసిన 'బ్లూ బోసా' ఉంది చూడు, పదహారు బార్ల (తాళం గడుల) చిన్న బాణీ. అది కట్టినాయన పేరు కెన్నీ డోరం. 1924లో టెక్సాస్‌లో పుట్టాడు. ట్రంపెట్ వాయించేవాడు. పేరున్న ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ వెళ్లిపోయాక, శాక్సఫోన్ వాయించే చార్లీ పార్కర్ పక్కన నిలబడింది ఈయనే. 1956లో ఇంకో ట్రంపెట్ వాద్యకారుడు క్లిఫర్డ్ బ్రౌన్ కారు ప్రమాదంలో పోతే, డ్రమ్ములు వాయించే మాక్స్ రోచ్ బృందంలో ఆ చోటికి వచ్చిందీ ఈయనే. అంతటివాళ్లు ఖాళీ చేసిన చోట నిలబడి, వాళ్లలా కాకుండా తనలాగే వాయించడం ఎంత కష్టమో నలభై ఏళ్లు పక్కవాద్యం వాయించినవాణ్ణి, నాకు తెలుసు.

అలాంటి మనిషి 1960ల నడుమ 'డౌన్‌బీట్' పత్రికకి రికార్డుల సమీక్షలు రాశాడు. 1934లో షికాగోలో మొదలైన పత్రిక అది. రికార్డులకి ఐదు నక్షత్రాల లెక్కన మార్కులు వేసేది. పగలు తోటివాడి రికార్డు గురించి రాసి, రాత్రికి ఆ తోటివాడితోనే ఒకే వేదిక ఎక్కాల్సివచ్చే బతుకు అది. 'బ్లూ బోసా' మొదటిసారి రికార్డయింది 1963లో, శాక్సఫోన్ వాయించే జో హెండర్సన్ అనే కుర్రవాడి మొదటి ఆల్బం 'పేజ్ వన్'లో. ఆ ఆల్బంకి డోరం తన బాణీ ఇచ్చాడు, తనే ట్రంపెట్ పట్టాడు, అట్ట వెనక పరిచయమూ తనే రాశాడు. కొత్తగా వచ్చిన పిల్లవాడికి ఒక పెద్దవాడు ఇంతకంటే ఏం చెయ్యగలడు? ఆయన మాత్రం తనకి దక్కాల్సిన పేరు పూర్తిగా దక్కకుండానే, మూత్రపిండాల జబ్బుతో నలభై ఎనిమిదేళ్లకే పోయాడు. 'బ్లూ బోసా' వాయించేటప్పుడు ఒకసారి ఆయన పేరు తలుచుకో.

అయితే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇంకొకాయన రాసిన ఒక వ్యాసం గురించి.

1958 నవంబరులో న్యూయార్కులో 'ది జాజ్ రివ్యూ' అనే పత్రిక మొదలైంది. నాట్ హెంటాఫ్, మార్టిన్ విలియమ్స్ సంపాదకులు. వాయించేవాళ్ల చేత రాయించడం ఆ పత్రిక ప్రత్యేకత. పియానో వాయించే డిక్ కాట్జ్, బాస్ వాయించే బిల్ క్రో లాంటివాళ్లు అందులో రాసేవారు. మొదటి సంచికలోనే గుంథర్ షుల్లర్ వ్యాసం వచ్చింది. ఈయన ఫ్రెంచ్ హార్న్ వాద్యకారుడు. పదిహేడేళ్లకే సిన్సినాటి సింఫనీలో మొదటి హార్న్. తర్వాత న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపెరా వాద్యబృందంలో చాలా ఏళ్లు ఉన్నాడు. 1950లో మైల్స్ డేవిస్ 'బర్త్ ఆఫ్ ది కూల్' ఆల్బం చివరి రికార్డింగులోనూ వాయించాడు. అంటే రాసిపెట్టిన సంగీతమూ ఎరుగును, అప్పటికప్పుడు పుట్టే సంగీతమూ ఎరుగును.

ఆయన వ్యాసం 'బ్లూ 7' అనే ఒకే ఒక రికార్డు మీద. శాక్సఫోన్ సోనీ రోలిన్స్‌ది, పియానో టామీ ఫ్లానగన్‌ది, బాస్ డగ్ వాట్కిన్స్‌ది, డ్రమ్ములు మాక్స్ రోచ్‌వి. 1956 జూన్ 22న రికార్డు చేశారు. అప్పటికి రోలిన్స్‌కి ఇరవై ఐదేళ్లు. అది పన్నెండు బార్ల బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల పాటల్లోంచి వచ్చిన ఒక మట్టు), బార్‌కి నాలుగు దెబ్బలు. ఆ నలభై ఎనిమిది దెబ్బల ఆవర్తం తిరిగి తిరిగి వస్తూ పదకొండు నిమిషాలు నడుస్తుంది.

అమ్మలూ, ఇక్కడ ఉత్తరం పక్కన పెట్టి కీబోర్డు దగ్గరికి వెళ్లు. ఎడమచేత్తో బి ఫ్లాట్ నొక్కి పట్టుకో. అదే షడ్జం అనుకో. కుడిచేత్తో డి, ఎ ఫ్లాట్ ఒకదాని తర్వాత ఒకటి వాయించు. డి నీకు అంతర గాంధారం, ఎ ఫ్లాట్ కైశికి నిషాదం. ఇప్పుడు కుడిచెయ్యి కదపకుండా ఎడమచేతిని ఇ మీదికి మార్చు. ఇందాకటి గాంధారం ఇప్పుడు నిషాదమైంది, నిషాదం గాంధారమైంది. స్వరాలు అవే, స్థానాలు అవే, పేర్లు తారుమారయ్యాయి. మన గ్రహభేదంలో షడ్జాన్ని జరిపితే కలిగే విస్మయం ఇదే. 'బ్లూ 7' ఎత్తుగడలో రోలిన్స్ ఈ రెండు స్వరాల మీదే నిలుస్తాడు, తోడుగా ఇ స్వరం వస్తుంది. అందుకే అది వింటుంటే ఆధారశ్రుతి ఇదీ అని తేల్చుకోలేక చెవి ఊగిసలాడుతుంది. ఆ ఊగిసలాట ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకుని చెప్పినవాడు షుల్లర్.

అంతటితో ఆగలేదు. రోలిన్స్ మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లిన వాయింపు, ఏదో తోచింది తోచినట్టు పేర్చుకుపోవడం కాదని, ఎత్తుగడలోని ఆ చిన్న ముక్కనే తీసుకుని విరిచి, సాగదీసి, కుదించి, చివరిదాకా దాన్ని వదలకుండా అల్లుకుపోయాడని, స్వరలిపి వేసి మరీ చూపించాడు. మంచి విద్వాంసుడు కల్పనస్వరాల్లో ఒక చిన్న ముక్క పట్టుకుని ఆవర్తాల కొద్దీ దాని చుట్టూ తిరగడం మీరు విన్నారుగా, అలాగన్నమాట. జాజ్ సోలోని, అంటే ఒక్కడి వాయింపుని, ఇంత శ్రద్ధగా విని రాసిన వ్యాసాలు అప్పటికి బహు అరుదు.

మెచ్చుకుంటూ రాసిన వ్యాసమే. అది చదివిన రోలిన్స్‌కి మాత్రం ఇబ్బంది కలిగింది. తను ఏం చేస్తున్నాడో తనకే వివరించి చెప్తే, మళ్లీ వాయించడానికి నిలబడినప్పుడు ఆ వివరణే అడ్డు వచ్చింది. తన గురించి రాసినవి ఇక చదవకూడదని అనుకున్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. 1959 నుంచి రెండేళ్లు కచేరీలు మానేసి న్యూయార్కులో విలియమ్స్‌బర్గ్ వంతెన మీద ఒంటరిగా సాధన చేసుకున్నది కూడా ఈ రోలిన్సే. ఆ విరామానికి ఈ వ్యాసమే కారణమని మాత్రం నువ్వు రాయకు. మనిషి అంత పని చెయ్యడానికి లోపల చాలా ఉంటాయి.

చిన్నోడా, ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తున్నాను.

నాకు ముప్పై దాటిన కొత్తలో ఒక చిన్న పత్రికకి కచేరీల మీద రాసేవాణ్ణి. ఒకసారి ఒక గాయకుడు కల్యాణి ఆలాపనలో పైకి వెళ్తూ, తారషడ్జం అందుతుందని అందరం ఎదురుచూస్తుంటే, నిషాదం మీదే ఒక్క క్షణం నిలిచి, షడ్జాన్ని తాకకుండా కిందికి జారాడు. ఒళ్లు జలదరించింది. ఆ నిలుపు గురించే సగం వ్యాసం రాశాను. కొన్నాళ్లకి ఆయన కచేరీకే నేను వయొలిన్ వాయించాల్సి వచ్చింది. కల్యాణి ఎత్తుకున్నాడు. అదే నిషాదం దగ్గరికి వచ్చి నిలిచాడు, నిలిచి నా వైపు చూశాడు. ఆ రాత్రి ఆ సంగతి మూడుసార్లు వచ్చింది. నిలుపు కొలిచి పెట్టినట్టుంది. మొదటిసారి అది ఆయనకే తెలియకుండా వచ్చి ఉంటుంది. అది ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది నేను. ఒక మంచి పాటగాడి దగ్గర నుంచి ఒక మంచి సంగతిని తీసేసుకున్నానని నాకు చాలా బాధ కలిగింది. ఆ నెలే రాయడం ఆపేశాను.

అప్పుడు అది సరైన పని అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. షుల్లర్ వ్యాసం చదవకముందు 'బ్లూ 7' నాకు నిదానంగా నడిచే ఒక బ్లూస్, అంతే. చదివాక నా చెవి మారింది. తర్వాత ఏ రికార్డు విన్నా, ఎత్తుగడలోని ముక్క ఎక్కడికి పోయిందా అని వెతికే అలవాటు పట్టింది. ఆ వ్యాసం రోలిన్స్ కోసం కాదు, మనలాంటివాళ్ల కోసం. నా సమీక్ష కూడా కచేరీకి రాలేకపోయిన ఏ కుర్రవాడికో కల్యాణి నిషాదం దగ్గర చెవి నిలపడం నేర్పి ఉండేది. నేను మాత్రం పాటగాడి ముఖమే మనసులో పెట్టుకుని రాశాను. అక్కడ పొరబడ్డాను. నువ్వు నీ సమీక్ష, అమ్మలూ, ఆ రికార్డు ఇంకా వినని నీ తమ్ముడికి చెప్తున్నట్టు రాయి.

ఇంకొక్క మాట. షుల్లర్ చెప్పిందంతా ఖాయం కాదు. 2014లో బెంజమిన్ గివన్ అనే పరిశోధకుడు రోలిన్స్ వాయించిన వేరే రికార్డులు కూడా ముందు పెట్టుకుని చూశాడు. ఎత్తుగడలోంచి పుట్టాయని షుల్లర్ అనుకున్న ముక్కలు కొన్ని అక్కడా ఉన్నాయి. అంటే అవి రోలిన్స్ చేతికి అలవాటైన ముక్కలే. వాయించే ప్రతివాడి వేళ్లలోనూ అలాంటివి ఉంటాయి. నా చేతిలో ఉన్నాయి, నీ చేతిలోనూ అప్పుడే చేరుతున్నాయి. వాయించేదానివి కాబట్టి నీకు ఇది ఇట్టే తెలియాలి: ఏది అలవాటుగా వచ్చింది, ఏది ఆ పూటే కొత్తగా పుట్టింది. ఒక్క రికార్డు విని తేల్చకు. అదే మనిషివి ఇంకో రెండు మూడు విను, ఆ తర్వాతే కలం పట్టుకో. నక్షత్రాలు వెయ్యమంటే వెయ్యనని చెప్పు. పత్రికవాళ్లు ఒప్పుకోకపోతే, అవి వాళ్లనే వేసుకోమను.

'బ్లూ 7' ఇద్దరూ కలిసి వినండి. మొదట వాట్కిన్స్ బాస్ ఒంటరిగా నడుస్తుంది, ఆ పైన శాక్సఫోన్ వస్తుంది. చిన్నోడా, మధ్యలో మాక్స్ రోచ్ వంతు వస్తుంది. మన కచేరీల్లో మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం అనుకో. ఆయన అక్కడ వాడుకున్నవి ముఖ్యంగా రెండే ముక్కలని షుల్లర్ రాశాడు: తిస్రంలో మూడేసి దెబ్బల ముక్క ఒకటి, స్నేర్ డ్రమ్ము మీద ఎడతెగకుండా గలగలమనే రోల్ ఒకటి. నువ్వు మృదంగం ముందు కూచుని విను. రెండేనా, ఇంకా ఏమైనా దొరుకుతాయా? అక్క చెప్పింది కాదు, నీ చెవికి వినిపించింది రాసి నాకు పంపు. అది అందాకే నేను మళ్లీ ఆ రికార్డు పెట్టుకుంటాను.

మీ
తాతయ్య