రేణిగుంట విమానాలు: టీ అంగడి మాటలు, అసలు సంగతులు

రేణిగుంట ఎయిర్‌పోర్టులో, అంటే తిరుపతి విమానాశ్రయంలో, లోడ్ షీట్ (విమానంలో ఎక్కే బరువుల లెక్క కాగితం) రాసే పని నాది. ఊళ్లో ఎవరు కలిసినా ఇవే అడుగుతున్నారని ఒకసారి రాసి పెడుతున్నా.

అపోహ: రన్‌వే పొడుగు చేస్తే ఫ్లైట్లు వాటంతటవే పెరుగుతాయి.

మా మామ రోజూ అనే మాట ఇది. మన పాత రన్‌వే 2,286 మీటర్లు. హైదరాబాద్ వెళ్లే 180 సీట్ల ఎయిర్‌బస్‌కి అది చాలు, గంట ప్రయాణానికి ఫ్యూయల్ తక్కువే కొడతారు. అదే ఢిల్లీ అంటే టన్నుల లెక్కన ఎక్కువ పోయాలి, పైగా మే నెల మధ్యాహ్నం, రేణిగుంట ఎండ గురించి మీకు నేను చెప్పాలా! గాలి వేడెక్కితే పలచబడుతుంది, రెక్కలు లేపే శక్తీ ఇంజన్ బలమూ రెండూ తగ్గుతాయి, దాంతో అదే విమానం ఇంకా చాలా దూరం పరిగెత్తితే గానీ నేల వదలదు. అంత దూరం లేకపోతే బరువు తగ్గించుకోవాల్సిందే. ఒకసారి షీట్ అంతా అయిపోయాక ఎండ ఇంకో రెండు డిగ్రీలు పెరిగిందని కెప్టెన్ లెక్క మార్చాడు, ఎక్కించిన బేనీషా మామిడి పెట్టెలు మళ్లీ దించాం. చేతులు కాలిపోయాయి. పొడుగు రన్‌వే వల్ల ఈ తిప్పలు తగ్గుతాయి, దూరం ఊళ్లకు నిండు బరువుతో లేవచ్చు. కొత్త సర్వీసు వేయాలంటే మాత్రం కంపెనీ దగ్గర ఖాళీ విమానం ఉండాలి, ఏడాది పొడుగునా టికెట్లు తెగాలి.

అపోహ: ‘నిన్న నేరుగా దిగింది, ఈరోజు ఊరంతా తిప్పాడు, పైలట్ దారి తప్పాడు.’

తప్పలేదప్పా. విమానం గాలికి ఎదురుగా దిగాలి, ఎదురుగా లేవాలి. మన రన్‌వే ఒక కొసన 08, ఇంకో కొసన 26 అని రాసుంటుంది. అంటే దిక్సూచిలో దాదాపు 80, 260 డిగ్రీలు, తూర్పు పడమరలు. గాలి మారితే కొస మారుతుంది, అవతలి కొస నుంచి దిగాలంటే చుట్టు తిరిగి రావాల్సిందే.

అపోహ: ఇంటర్నేషనల్ హోదా వచ్చింది కదా, దుబాయ్ ఫ్లైట్ కూడా వచ్చేసినట్టే.

హోదా 2017లో వచ్చింది. దాంతోనే విమానం రాదు. కస్టమ్స్, ఇమిగ్రేషన్ సిబ్బంది కావాలి, విదేశీ కంపెనీ రావాలంటే రెండు దేశాల ఒప్పందంలో తిరుపతి పేరుండాలి.

అపోహ: తిరుమల మీద విమానాలు ఎగరకూడదని ఎప్పటి నుంచో చట్టం ఉంది.

నో ఫ్లై జోన్‌గా ప్రకటించమని టీటీడీ కేంద్రాన్ని ఎన్నోసార్లు కోరింది. చట్టమే ఉంటే అన్నిసార్లు అడగడం ఎందుకు?

ఇక లడ్డూలు. అందరూ సంచుల నిండా తీసుకెళ్తే విమానం లేస్తుందా అని ఒక పెద్దాయన నిజంగానే అడిగాడు. నవ్వుకున్నా గానీ లెక్క వేశా: 180 మంది, తలా పది, ఒక్కోటి 175 గ్రాములు. 315 కిలోలు! అయినా పర్లేదు, హ్యాండ్ బ్యాగుతో కలిపి మనిషికింత అని సగటు బరువు ముందే వేసుకుంటాం. ఆ బ్యాగులో లడ్డూలున్నా ల్యాప్‌టాప్ ఉన్నా నా షీట్‌లో తేడా రాదు, క్యాబిన్ అంతా నెయ్యి వాసన రావడం తప్ప.