నక్షత్రం లేని స్టార్‌బోర్డ్

ఓడలో ముందువైపు తిరిగి నిలబడితే మన కుడిపక్కను ఇంగ్లీషులో స్టార్‌బోర్డ్ అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు, రాత్రిళ్లు చుక్కలు చూసి దారి పట్టే వైపు కాబోలు అనుకున్నాను. కాదట. అందులో స్టారూ లేదు, మనం గోడకు తగిలించే బోర్డూ లేదు.

పాత ఇంగ్లీషులో అది 'స్టేఒర్‌బోర్డ్'. మొదటి సగం ఓడను నడపడానికి సంబంధించింది. మన కారులో ఉన్న స్టీరింగ్ దానికి చుట్టమే. రెండో సగానికి ఓడ పక్క అని అర్థం. ఉత్తర ఐరోపా ఓడలకు అప్పట్లో చుక్కాని వెనక నడిమధ్యన ఉండేది కాదు. వెనకభాగంలో కుడిపక్కన ఒక పెద్ద తెడ్డు కట్టి, దాంతోనే ఓడను తిప్పేవారు. ఎక్కువమందిది కుడిచేతివాటమే కదా! నార్వేలో 1904లో తవ్వి తీసిన ఓసెబర్గ్ ఓడకు ఆ తెడ్డు కుడిపక్కనే ఉంది. ఆ ఓడను మట్టిలో పూడ్చింది 834లో.

కుడిపక్కన తెడ్డు ఉంటే రేవుకు ఏ పక్కను ఆనించాలి? ఎడమపక్కనే. లేకపోతే తెడ్డు గట్టుకు కొట్టుకుని విరుగుతుంది. అందుకే సరుకు ఎక్కించేదీ ఎడమనుంచే. ఆ పక్కకు 'లార్‌బోర్డ్' అనే పేరు అలా వచ్చిందంటారు, సరుకెత్తే పక్క అని.

ఇక్కడే వచ్చింది చిక్కు. గాలివానలో, కెరటాల హోరులో ఎవరో 'లార్‌బోర్డ్' అని అరిస్తే 'స్టార్‌బోర్డ్' అని వినబడితే? పడవ నడిపేవాడి టెన్షన్ ఊహించుకోండి. చివరికి 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్ అనడం మానేసి, అప్పటికే నావికుల నోట ఉన్న 'పోర్ట్' అనే మాటనే వాడమని ఆదేశించింది. రెండేళ్లకు అమెరికా నౌకాదళమూ అదే దారి పట్టింది. నాకైతే, ఇన్ని వందల ఏళ్లు ఆ రెండు మాటలతో ఎలా నెట్టుకొచ్చారో అన్నదే ఆశ్చర్యం.

చుక్కాని ఓడ వెనక మధ్యకు జరిగాక కుడిపక్క తెడ్డు మెల్లగా కనుమరుగైంది. పేరు మాత్రం పోలేదు, పైగా ఆకాశానికెక్కింది. విమానానికీ కుడిపక్క స్టార్‌బోర్డే, రెక్క చివర పచ్చదీపం. ఎడమపక్క పోర్ట్, ఎర్రదీపం. శంషాబాద్‌లో మనం విమానం ఎక్కేదీ మామూలుగా ఎడమ తలుపునుంచే. అది ఓడలనుంచి వచ్చిన అలవాటే అంటారు.