ఎనిమిది ప్రశ్నలు: ఎవరి కోసం రాశారు, ఎవర్ని కొలుస్తున్నారు

బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకి యాప్‌లు ఇచ్చాం, ఆభా అనే డిజిటల్ హెల్త్ ఐడీలు ఇచ్చాం, అయినా వాడట్లేదంటే జనానికి డిజిటల్ అవగాహన లేకపోవడమే కారణం అనే మాట మళ్ళీ గట్టిగా వినపడుతోంది. సరే, లేదని దేంతో కొలిచి చెప్తున్నారు? బీపీ, షుగర్ వల్ల గుండె జబ్బు రిస్క్ ఎందుకొస్తుందో అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను, నేరుగా 2006కి వెళ్తా, నా లెక్కలో గొడవంతా మొదలైంది అక్కడే.

ఆ ఏడాది కెనడాలో కామెరాన్ నార్మన్, హార్వీ స్కిన్నర్ కలిసి ఈ-హెల్త్ లిటరసీని, అంటే నెట్‌లోని ఆరోగ్య సమాచారాన్ని వాడుకునే అవగాహనని, కొలవడానికి ఈహీల్స్ అనే స్కేల్ తయారుచేశారు. ఎనిమిదే ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 40 మార్కులు. నెట్‌లో ఆరోగ్య సమాచారం ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు, మంచిదేదో చెడ్డదేదో చెప్పగలను, దాన్ని నమ్మి నిర్ణయం తీసుకోగలను, ఇలాంటి వాటికి ఎంతవరకు ఒప్పుకుంటారో చెప్పాలి, అంతే. దీన్ని పరీక్షించింది ఎవరి మీద అనుకున్నారు, 13 నుంచి 21 ఏళ్ళ మధ్య ఉన్న 664 మంది పిల్లల మీద, అదీ పొగతాగడం గురించిన స్టడీలో భాగంగా. అప్పటికి వాట్సాప్ పుట్టనే లేదు. ఆ పిల్లల కోసం రాసిన కాగితమే తర్వాత ప్రపంచమంతా తిరిగి అరవై దాటిన గుండె పేషెంట్ల చేతిలోకి కూడా వచ్చింది.

సమర్థించేవాళ్ళ వాదన ఏంటంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది, చాలా భాషల్లో ఉంది, దేశాల మధ్య పోల్చుకోవచ్చు. నిజమే. కానీ అడుగుతున్నది తన మీద తనకున్న నమ్మకం గురించి, చేతనైన పని గురించి కాదు. 2011లో నెదర్లాండ్స్‌లో వాన్ డెర్ వార్ట్ టీమ్ జనానికి నెట్‌లో నిజమైన పనులిచ్చి చేయించి చూస్తే ఈహీల్స్ మార్కులకీ చేసిన పనికీ సంబంధం కనపడలేదు. అదే ఏడాది నార్మన్ కూడా సోషల్ మీడియా వచ్చాక దీన్ని మళ్ళీ చూసుకోవాలని రాశాడు, తయారుచేసిన మనిషే చెప్పాక ఇంకేం కావాలి. 2017లో నెదర్లాండ్స్ నుంచే 21 ప్రశ్నల కొత్త స్కేల్ వచ్చింది, ప్రైవసీ, నమ్మకమైన సమాచారమా కాదా, తనకి వర్తిస్తుందా లేదా అన్నీ అందులో విడివిడిగా ఉంటాయి, పైగా చేసి చూపించాల్సిన ప్రశ్నలు కూడా ఉన్నాయి. అయినా సులువని పాతదే వాడుతున్నారు.

గుండె రిస్క్ ఉన్నవాళ్ళ సంగతికొస్తే ఆస్ట్రేలియాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్ళు చేసిన కనెక్ట్ ట్రయల్ చూడాలి. 934 మంది, కొందరికి ఆన్‌లైన్ టూల్ ఇచ్చారు, కొందరికి మామూలు వైద్యమే. 2020లో వచ్చిన రిజల్ట్ ప్రకారం ఈ-హెల్త్ లిటరసీలో టూల్ ఉన్నవాళ్ళు 72.6 శాతం, లేనివాళ్ళు 64. వ్యాయామంలో కూడా ముందున్నారు. కానీ అసలు చూడాలనుకున్నది బీపీ మందులు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు సరిగ్గా వేసుకుంటున్నారా అని, అక్కడ టూల్ ఉన్నవాళ్ళు 32.8 శాతం, లేనివాళ్ళు 29.9, అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. మార్కు పెరిగింది, మందు దగ్గర మాత్రం మార్పు రాలేదు. ఈ ఒక్క ఫలితం చాలు, లిటరసీ తక్కువ కాబట్టే వైద్యం పనిచేయలేదని పేషెంట్ మీదకి తోసేయడం ఎంత తొందరపాటో చెప్పడానికి.

అదే సంస్థ మన పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీలు, 54 ఊళ్ళలో స్మార్ట్‌హెల్త్ అనే ప్రోగ్రాం నడిపింది, ట్యాబ్ పేషెంట్‌కి కాదు ఆశా వర్కర్‌కి ఇచ్చారు, రిస్క్ ఎంతో ఆవిడే ఇంటికెళ్ళి చూసేది. బీపీ కంట్రోల్‌లో అక్కడా పెద్ద తేడా రాలేదు, అది దాచక్కర్లేదు. కానీ ఆ ఊళ్ళో ఒక పెద్దావిడని కూర్చోబెట్టి ఎనిమిది ప్రశ్నలు అడిగి సున్నా అవగాహన అని రాస్తే ఏం కొలిచినట్టు, ఆవిడ తరఫున ఫోన్ చూసేది ఆశానో మనవడో కదా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్) ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్ళు ఆంధ్రలో 21 శాతం, తెలంగాణలో 26.5, అదీ 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో. మగవాళ్ళు 48.8, 57.4. గుండె రిస్క్ ఎక్కువుండే వయసు వాళ్ళు ఆ లెక్కలోకే రాలేదు.

కాబట్టి ఇక్కడ సర్వే చేసేవాళ్ళు ముందు ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గరుంటుందో అడగాలి, తర్వాత 160/100 బీపీ రీడింగ్ చూపించి ఇప్పుడేం చేస్తారమ్మా అనాలి, స్టాటిన్ మానేయమని చెప్పే ఒక ఫార్వర్డ్ మెసేజ్ చేతికిచ్చి నమ్ముతారా అని చూడాలి, ఆ జవాబులు రాసుకున్నాకే అవగాహన గురించి మాట్లాడాలి.