ఇంజన్ ముందు ఆ నల్ల రెక్కలు

చిన్నూ, అమ్మలూ,

మొన్న ఫోన్లో మన మాట సగంలో ఆగిపోయింది. శంషాబాద్‌లో గేటు దగ్గర అద్దంలోంచి చూశాం తాతయ్యా, ఇంజన్ ముందు ఫ్యాన్ రెక్కలు నల్లగా ఉన్నాయి, అంచు మాత్రం వెండిలా మెరుస్తోంది, అవి ప్లాస్టిక్కా, పక్షి తగిలితే విరిగిపోవా అని అడిగావు కదరా చిన్నూ. ఫోన్లో చెప్తే తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నా. అమ్మలు గట్టిగా చదువుతుంది, నువ్వు విను.

సగం ప్లాస్టిక్కే అనుకో. కార్బన్ ఫైబర్ అని తల వెంట్రుక కన్నా సన్నటి నల్ల పోగులు ఉంటాయి, వాటిని ఎపాక్సీ అనే జిగురుతో తడిపి, అచ్చులో పెట్టి, వేడి చేసి గట్టిపరుస్తారు, దాన్నే కాంపోజిట్ అంటాం. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ పోగులతోనే బతికా, ఇంజన్ బ్లేడ్లు, అంటే నువ్వు చూసిన ఆ రెక్కలు, కాదులే, చిన్న చిన్న ప్యానెళ్ళు, కానీ మెటీరియల్ ఒకటే కాబట్టి దాని మంచీ తెలుసు, చెడూ తెలుసు.

మంచి ఏంటంటే తేలిక. ఇలాంటి బ్లేడ్లకి వాడే టైటానియం అనే లోహంతో పోలిస్తే బరువు సగం కూడా ఉండదు. చేలో పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పుతారు చూశారా, రాయి ఎంత బరువుంటే చేతిని అంత గట్టిగా లాగుతుంది. ఫ్యాన్ బ్లేడూ అంతే. బోయింగ్ 777కి ఉండే జీఈ90-115బీ ఇంజన్ ఫ్యాన్ అడ్డంగా 128 అంగుళాలు, అంటే మూడు మీటర్ల పైమాటే, ఫుల్ స్పీడులో బ్లేడు కొస సెకనుకి దాదాపు 400 మీటర్లు వెళ్తుంది, శబ్దం కన్నా వేగంగా అన్నమాట. బ్లేడు బరువైతే దాన్ని పట్టుకునే డిస్కు బరువెక్కాలి, ఒకవేళ విరిగితే బయటికి రాకుండా ఆపే చుట్టూ ఉన్న కేసింగూ బరువెక్కాలి.

ఇక చెడు. వెదురు బొంగుని రెండు వైపులా పట్టుకుని లాగి తెంపగలరా? ఎవడి వల్లా కాదు. అదే పైన కత్తి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే నిలువునా చీలిపోతుంది. పోగు వెంబడే దాని బలమంతా, పోగుకీ పోగుకీ మధ్య ఉన్నది జిగురే. పైగా దీన్ని పొరలు పొరలుగా పేరుస్తారు, తాపేశ్వరం కాజా మడతల్లాగా. గట్టి దెబ్బ తగిలితే ఆ పొరలు విడిపోతాయి. ఇనుమో టైటానియమో అయితే సొట్ట పడి దెబ్బని మింగేస్తుంది, దీనికి సొట్ట పడటం రాదు.

ఒకసారి మా వర్క్‌షాపులో ఒక కుర్రాడి చేతిలోంచి స్పానర్ జారి తయారైపోయిన ప్యానెల్ మీద పడింది, నడుమెత్తు నుంచే. పైన గీత కూడా పడలేదు, వాడు హమ్మయ్య అనుకున్నాడు. నేను జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి ఆ చివర నుంచి తట్టుకుంటూ వచ్చా, టింగ్ టింగ్ టింగ్ అని మోగుతోంది, స్పానర్ పడిన చోటికి వచ్చేసరికి టప్ అని మొద్దు చప్పుడు, అరచేతంత మేర. సంతలో కుండ కొనేటప్పుడు నాయనమ్మ వేలితో కొట్టి చూస్తుందే, అదే పద్ధతి. కోసి చూస్తే లోపల పొరలన్నీ విడిపోయి ఉన్నాయి, పైన మాత్రం అద్దంలా నున్నగా ఉంది. నాకు భయం వేసింది ఆ రోజు, దెబ్బ తిన్నట్టు చెప్పని వస్తువు ఇది.

ఇప్పుడు పక్షి సంగతి. పక్షి మెత్తగానే ఉంటుంది కదా అంటారు. కాలవలోకి ఎత్తు నుంచి పొట్ట మీద పడితే చుర్రుమంటుంది చూడండి, నీళ్ళు మెత్తనివే కానీ వేగం వల్ల రాయిలా తగులుతాయి. ఆ స్పీడులో పక్షి ఒళ్ళూ నీళ్ళలాగే ప్రవర్తిస్తుంది, తిరిగే బ్లేడ్లు దాన్ని ముక్కలుగా తరిగేస్తాయి, ఒక్కో బ్లేడుకి ఒక్కో ముక్క వంతు, ఆ దెబ్బంతా సన్నటి ముందు అంచు మీదే పడుతుంది.

ఇంగ్లండులో రోల్స్ రాయిస్ వాళ్ళు 1960ల్లోనే హైఫిల్ అనే కార్బన్ ఫైబర్‌తో ఆర్‌బీ211 ఇంజన్‌కి బ్లేడ్లు చేశారు, లాక్‌హీడ్ ట్రైస్టార్ విమానం కోసం. మామూలు పరీక్షలు బాగానే జరిగాయి, 1970లో కోడిని తుపాకీలాంటి గొట్టంలోంచి వేగంగా కొడితే బ్లేడు తట్టుకోలేకపోయింది. మళ్ళీ టైటానియానికే వెళ్ళారు. 1971 ఫిబ్రవరి 4న కంపెనీ దివాలా తీసింది, బ్లేడు ఒక్కటే కారణం కాదు, ఖర్చులు చెయ్యి దాటిపోయాయి, అయినా ఆ కథ గుర్తొస్తే నాకు మనసు బరువెక్కుతుంది, ఎందుకంటే వాళ్ళ ఆలోచన తప్పు కాదు, కాలం కన్నా ముందు వచ్చింది అంతే.

పాతికేళ్ళు పట్టింది. 1995లో అమెరికాలోని జీఈ కంపెనీ వాళ్ళ జీఈ90 ఇంజన్, 22 కాంపోజిట్ బ్లేడ్లతో ప్రయాణికుల్ని ఎక్కించుకుని ఎగిరింది. ఏం మారింది అంటే, పెళుసుగా ఉండే జిగురుని చిట్లకుండా సాగేలా మార్చారు, బ్లేడుని వెడల్పు చేశారు, మొదలు దగ్గర లావుగా కొసకి పల్చగా వచ్చేలా వందల పొరలు ఒక్కోటి ఒక్కో దిక్కుకి తిప్పి పేర్చారు, పైగా ముందు అంచుకి టైటానియం తొడుగు వేశారు. నువ్వు చూసిన మెరుపు అదేరా చిన్నూ. అంచుని లావు చేస్తే సరిపోదా అంటావేమో, లావైతే గాలిని సరిగ్గా కొయ్యదు, ఇంజన్ ఇంధనం ఎక్కువ తాగుతుంది. అందుకని నాగలికి కర్రు వేసినట్టు, ఒళ్ళంతా కర్రే, నేలని తాకే మొన మాత్రం ఇనుము. ఆ తొడుగు దెబ్బని ఒక్కచోట ఉండనివ్వకుండా వెడల్పుగా పంచేస్తుంది.

మీరు చూసింది బహుశా లీప్ అనే ఇంకో కొత్త రకం ఇంజన్, దాంట్లో ఇంకో అడుగు ముందుకేశారు, నాకు భలే నచ్చింది అది. నాయనమ్మ బొంత కుడుతుంది కదా, పాత చీరలు నాలుగు మడతలు వేసి, దారం పైనుంచి కిందకి, కిందనుంచి పైకి, అప్పుడు ఏ పొరా జారదు. లీప్ బ్లేడులో కుట్టరు, మగ్గం మీద నేసేటప్పుడే పోగుల్ని మందం లోపలికి కూడా పోనిస్తారు, అలా నేసిన దాన్ని అచ్చులో పెట్టి జిగురు ఎక్కిస్తారు. విడివిడి పొరలే లేనప్పుడు విడిపోయేదేముంది?

ఇదంతా కాగితం మీద లెక్క వేసి వదిలేయరు. పెద్ద ఇంజన్లయితే 3.65 కిలోల పక్షిని మింగినా మంటలు రాకుండా, ముక్కలు కేసింగ్ చీల్చుకుని బయటికి రాకుండా ఆగాలి. దానికన్నా చిన్న పక్షులు గుంపుగా పడితే మాత్రం ఆగకూడదు, కనీసం 75 శాతం తోపుడు ఇవ్వాలి, ఇరవై నిమిషాలు నడవాలి, తిరిగొచ్చి దిగడానికి అన్నమాట. అది నిజం ఇంజన్‌ని తిప్పుతూ చేసే పరీక్ష.

ఈసారి ఎయిర్‌పోర్టుకి వెళ్తే బ్లేడ్లు లెక్కపెట్టండి, నల్లవి 18 ఉంటే లీప్ అనుకోవచ్చు. ఆ లీప్ ఇంజన్లు విప్పి బాగుచేసే పెద్ద సెంటర్ మన శంషాబాద్‌లోనే 2025లో ప్రారంభోత్సవం చేసుకుంది తెలుసా.

నేను కోసిన ఆ ప్యానెల్ ముక్క ఇంకా బీరువాలో ఉంది. దసరాకి వచ్చినప్పుడు ఇస్తా, రూపాయి బిళ్ళతో తట్టి పాడైన చోటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో సుద్దతో గీయండి, కోసిన వైపు చూడకుండా.

ప్రేమతో
మీ తాతయ్య